తెగని తీగ

ఆ రోజు పొద్దున ఆకాశం కురవనూ లేదు, వెలవనూ లేదు. సరిగా పిండని దుప్పటిలా మైదానం మీద వేలాడుతోంది. అలాంటి చల్లటి పూట రాకెట్ తీగలు మరీ మొండికేస్తాయి. టెన్నిస్ కోర్టుల పక్కన, రాకెట్లకి తీగలల్లే నా గట్టింగ్ గది తలుపు తీస్తూ, పిచ్చుక చేతికి ఇవాళ మంచి రోజు కాదు అనుకున్నాను.

పిచ్చుక మా అక్క కూతురు. పదిహేనేళ్ళు. జట్టు ఎంపికలో దానికి ఆఖరి ఆట ఆ రోజు పది గంటలకి. గెలిస్తే జట్టులో ఉంటుంది. ఓడితే మళ్ళీ ఏడాది ఆగాలి.

ఎనిమిదిన్నరకి బావ వచ్చాడు, వెనకే పిచ్చుక. బావ కరెంటు లైన్‌మన్. నడుముకి తోలు బెల్టు, అందులో కటింగ్ ప్లేయరు. సెలవు రోజున కూడా ఆ బెల్టు తియ్యడు.

"గ్రిప్పు మార్చు, చాలు. ఇంకేం ముట్టుకోకు" అన్నాడు రాకెట్ బల్ల మీద పెడుతూ.

ఆ రాకెట్ చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. మూడువందల ఇరవై గ్రాముల బరువు, పెద్ద మగవాడి పిడికిలికి సరిపోయే పిడి. రెండేళ్ళ కిందట నన్ను ఒక్క మాట అడక్కుండా తనే కొనుక్కొచ్చాడు. గడ్డపార ఎంచినట్టు అన్నిట్లోకీ బరువైనది ఎంచాడు. "పెరిగే పిల్ల. రేపటికి సరిపోతుంది" అన్నాడు, పిల్లలకి ఒక సైజు ఎక్కువ చెప్పులు కొన్నట్టు.

తీగల సంగతి ఇంకా అన్యాయం. మొదట్లో నేను మెత్తటి తీగ వేసేవాణ్ణి. పిల్ల కొట్టే దెబ్బకి రెండు వారాలకోసారి తెగేది. ఒకరోజు నలుగురు చుట్టాలు కూర్చున్న చోట బావ అక్కతో అన్నాడు: "మీ తమ్ముడు తెగే తీగే వేస్తాడు. తెగకపోతే ఆయన గది గడప ఎవరు తొక్కుతారు?" అందరూ నవ్వారు. నేను మాట్లాడే మనిషిని కాను. మనసులో పెట్టుకున్నాను. మర్నాడు గదికొచ్చి "తెగనిది వెయ్యవయ్యా" అంటే, నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా లావుపాటి పాలియెస్టర్ తీగ తీసి, ఆయన చెప్పిన అరవై పౌండ్ల బిగువుకి లాగి మరీ వేశాను. అది పిల్ల మోచేతిని ఏం చేస్తుందో నాకు తెలుసు. తెగనిది కావాలన్నావుగా, తీసుకో అనుకున్నాను.

ఐదు నెలలైంది. తెగలేదు. బావ కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

తెగకపోవడం వేరు, బతికుండడం వేరు. అలాంటి తీగ నెల తిరక్కుండానే చచ్చిపోతుంది. అరచేత్తో తడితే కంగుమనదు, తడిసిన అట్టలా చప్పుడు చేస్తుంది. దానిమీంచి బంతి వెళ్ళదు. వెళ్ళడం లేదని పిల్ల ఇంకా గట్టిగా కొడుతుంది. ఆ అదురంతా మోచేతిలో దిగుతుంది.

పిచ్చుక తలుపు ఎడమ చేత్తో మూసింది. నీళ్ళ సీసా ఎడమ చేత్తో అందుకుని, మూత పళ్ళతో తిప్పింది. కుడిచేతి వాటం పిల్ల అది.

"చెయ్యి నొప్పా?" అన్నాను.

వాళ్ళ నాన్న వైపు చూసింది. "ఏం లేదు మామయ్యా."

"ఆడేవాళ్ళకి నొప్పులుండవా ఏంటి? నేను స్తంభాలెక్కడం లేదూ?" అన్నాడు బావ.

నేను కత్తెర తీసుకున్నాను. పాత తీగ కొయ్యాలంటే నడిమధ్య మొదలుపెట్టి, నిలువుదొకటి అడ్డందొకటి కోసుకుంటూ అంచులకి రావాలి. లేకపోతే ఫ్రేము ఒకపక్కకి గుంజుకుపోతుంది. నాలుగు కోశాను.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు బావ. "బంగారం లాంటి తీగ కోస్తావా? మతుండే కోస్తున్నావా?"

"చచ్చింది బావా ఇది."

"ఎక్కడ తెగిందో చూపించు."

"తెగలేదు."

"తెగకుండానే చచ్చిందా? ముప్పై ఏళ్ళ నుంచి తీగలు లాగి బతుకుతున్నాను. తీగ సంగతి నువ్వు నాకు చెప్తావా?"

"మీ తీగల్తో ఎవరూ బంతులు కొట్టరు."

పిచ్చుక నవ్వాపుకోలేకపోయింది. దాంతో బావకి పుండు మీద కారం చల్లినట్టయింది. రాకెట్ నా చేతిలోంచి లాక్కుని, స్టూలు మీద కూర్చుని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించాడు. బెల్టులోంచి ప్లేయరు తీశాడు.

"కోసిన తీగ కలపడం నాకు రాదనుకున్నావా?"

"నాన్నా, అది కరెంటు తీగ కాదు."

"తీగ ఎక్కడైనా తీగే. నువ్వుండు."

స్తంభం మీద వేసే మెలి వేశాడు. రెండు కొసలూ కలిపి ప్లేయరుతో పట్టి, ఒంట్లో బలమంతా పెట్టి లాగాడు. కొస జారింది. మళ్ళీ పట్టాడు. వద్దు బావా అన్నాను. వింటేగా. ఫ్రేము తల దగ్గర సన్నటి గీత ఒకటి ఉందని నాకు ఎప్పటినుంచో తెలుసు. మూడోసారి లాగేసరికి అది టప్‌మంది.

బావ ఫ్రేము వెలుతురుకి పట్టి చూశాడు.

"ఇది ముందే పగిలుంది" అన్నాడు బావ.

"ముందు గీతే" అన్నాను.

మేకుకి వేలాడుతున్న సంచీ దించాను. అందులో ఇంకో రాకెట్ ఉంది. రెండువందల ఎనభై అయిదు గ్రాములు, సన్నటి పిడి. పిచ్చుక కోసమే నెల కిందట తెప్పించాను. మెత్తటి తీగ, యాభై పౌండ్లు. నిన్న సాయంత్రమే మళ్ళీ కొత్తగా అల్లాను. ఎవరైనా అడుగుతారేమోనని ఇన్నాళ్ళూ చూశాను. ఎవరూ అడగలేదు. నేనూ నోరు విప్పలేదు.

బావ దాన్ని చేత్తో ఊపి చూశాడు. "ఈకలా ఉంది. ఈ తీగ ఎన్నాళ్ళొస్తుంది?"

"పన్నెండు రోజులు. బాగా కొడితే పది."

"ఇంతోటి దానికి..." అని ఆగిపోయాడు. గోడ గడియారం తొమ్మిది కావస్తోంది.

మొదటి సెట్టు పిచ్చుక ఆరు మూడుతో గెలిచింది. ఐదు నెలల తరవాత దాని చెయ్యి భుజం నుంచి పూర్తిగా తిరగడం చూశాను. కాని రాకెట్ కొత్తది, దాని కొలత ఇంకా చేతికి పట్టలేదు. అప్పుడప్పుడూ బంతి అంచుకి తగులుతోంది. తగిలిన ప్రతిసారీ నేను పళ్ళు కొరుక్కున్నాను. ఆట రోజున ఎవరి చేతిలోనూ కొత్త రాకెట్ పెట్టకూడదని నేనే పది మందికి చెబుతుంటాను.

రెండో సెట్టు నాలుగు నాలుగు దగ్గర బంతి మళ్ళీ అంచుకి తగిలింది. తీగ తెగింది.

"చూశావా" అన్నాడు బావ నా వైపు తిరక్కుండానే.

"ఇంకో రాకెట్ ఉందామ్మా?" అని రెఫరీ అడిగాడు. లేదు. ఉండాల్సింది గదిలో పగిలిపోయి ఉంది. తీగ అల్లడానికి నాకు నలభై నిమిషాలు కావాలి, ఆయన ఐదు ఇచ్చాడు. అవతలి పిల్ల కోచ్ మంచివాడు, తన సంచీలోంచి ఒకటి తీసిచ్చాడు. బరువైనది. లావుపాటి మొండి తీగ. అంత దూరం నుంచే పోల్చుకున్నాను.

పిచ్చుక దాన్ని ఒక్కసారి ఊపింది. ఎడమ చెయ్యి దానంతటదే వచ్చి కుడి మోచెయ్యి పట్టుకుంది. రాకెట్ తిరిగిచ్చేసింది.

"వద్దండీ. ఆపేస్తాను."

బావ కంచె దగ్గరికి ఉరికాడు. "ఆపడమేంటే? ఒక సెట్టు చేతిలో ఉంది. రెండు గేములు ఓర్చుకోలేవా?"

"నొప్పి నాన్నా. అంత బరువుకి చెయ్యి లేవట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"ఆ తీగ వేసిన కాణ్నుంచి."

"మరి చెప్పవేం?"

"తెగలేదు తెగలేదని సంతోషపడుతున్నావుగా" అంది పిచ్చుక, సంచీ సర్దుకుంటూ.

 బావ కంచె వదిలి నా వైపు తిరిగాడు. "నువ్వు ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నావు. నీకు తెలియదా?"

"తెలుసు. వేసేటప్పుడే తెలుసు."

"తెలిసి వేశావా?"

"మీరు నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసిన మర్నాడు."

ఆయన బెల్టు సర్దుకుని గేటు వైపు నడిచాడు.  

ఇంటికి వెళ్ళేసరికి అక్క నాలుగు కంచాలు పెట్టి ఉంచింది. "ఏమైంది?" అని అడగబోయి, మా ముఖాలు చూసి గరిటె అందుకుంది. పిచ్చుక మోచెయ్యి చూసి, వడ్డన ఆపి, తడిగుడ్డ తెచ్చి చుట్టింది. మళ్ళీ వచ్చి వడ్డించింది. ఆ గుడ్డ చుట్టేటప్పుడు ఒకసారి తన మొగుడి వంక, ఒకసారి నా వంక చూసింది. ఇద్దరం కంచాల్లోకి చూసుకున్నాం.

పిచ్చుక ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తింటోంది. ఇప్పుడు ఆ సంగతి దాచలేదు. సగం తిన్నాక నీళ్ళ సీసా దగ్గరికి లాక్కుని, మూత పళ్ళ దాకా తీసుకెళ్ళింది.

బావ చెయ్యి చాచి సీసా అందుకున్నాడు. మూత తిప్పి తీసి, సీసా పిల్లకి ఎడమ పక్కన పెట్టాడు. మూత తన కంచం పక్కనే ఉంచుకున్నాడు.

 అన్నం చల్లారకముందే తిన్నాం.