పొగమంచును పిలిచిన మాట

రోజూ కాఫీ తాగాక ఒడీలియా వసారాలో కూర్చుని తమ పూర్వీకుల మాటలు గట్టిగా పలికేది. ఆ భాష మాట్లాడినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. మిగిలినవల్లా ఎప్పుడో మతప్రచారానికి ఆ తీరానికొచ్చిన మిషన్ పాద్రీ తన స్పానిష్ అక్షరాల్లో ఇరికించి రాసుకున్న మాటలు, ఓ ఫ్రెంచి నావికుడు చెవికి తోచినట్టు గీకిన మరికొన్ని. పలుకు సరిగ్గా కుదిరితే ఆ మాట దేని పేరో అదే నడిచి వచ్చేది. "ఉడుత" కుదిరిన రోజు మెట్ల నిండా ఉడుతలే.

"ఇవాళ స్కంక్ జోలికి పోకు తల్లీ!" పక్కింటి పొర్ఫీరియో కంచె మీంచి అరిచాడు. "పోయినసారి ఆ జంతువు చిమ్మిన కంపుకి మా ఆవిడ పుట్టింటికెళ్లిపోయింది."

"ఇవాళ పొగమంచు, బాబాయ్."

ఆ మాటే నెలల తరబడి లొంగడం లేదు. పాద్రీ "హూకెన్" అని రాశాడు. అలా ఎంత పలికినా పొగమంచు సముద్రం మీంచి కదల్లేదు.

తమ్ముడు ఇసిద్రోకి ఇదంతా నవ్వులాట. "చచ్చిపోయిన మాటలకి చేపలు పడతాయా అక్కా?" అని ఆ ఉదయమే పడవ తీశాడు. పొద్దెక్కేసరికి సముద్రమంతా పొగమంచు కమ్మేసింది. పడవలతో మాట్లాడే ఇంట్లోని రేడియోలో అతని గొంతు ఒక్కసారి వినిపించింది. "అలలు రాళ్లకి కొట్టుకుంటున్నాయి. ఎటువైపో తెలీట్లేదు." అంతే, ఆగిపోయింది.

బెనీటా అత్త రేడియో వదల్లేదు. "పిలువే ఆ పొగమంచుని. సముద్రం వదిలి ఇటు రమ్మని పిలువు," అంది.

ఒడీలియా రెండు రాతలూ పక్కపక్కన పెట్టింది. నావికుడు అదే మాటను "హూరెన్" అని రాశాడు. ఇన్నాళ్లూ అతను తప్పు విన్నాడనుకుంది. ఒకరికి క, ఇంకొకరికి ర. కానీ ఫ్రెంచివాళ్ల ర పుట్టేది గొంతులో! ఇద్దరూ విన్నది ఒకటే శబ్దం. ఇద్దరి దగ్గరా దానికి అక్షరం లేదు. కొండనాలుక దగ్గర పుట్టే శబ్దం అది.

కళ్లు మూసుకుని అక్కడి నుంచి పలికింది.

సముద్రం మీది పొగమంచంతా లేచింది. కొండవాలు ఎక్కి, వాకిలి దాటి, వసారాలోకి, గదుల్లోకి వచ్చింది. చల్లటి ఉప్పు వాసన. పక్కనున్న అత్త మొహం కూడా కనిపించలేదు.

కింద ఒడ్డుకు పరిగెత్తిన పొర్ఫీరియో కేక వినిపించింది. "పడవ కనిపిస్తోందే! రాళ్ల పక్కనే! తిప్పాడు, తిప్పేశాడు!"

మధ్యాహ్నం ఇసిద్రో ఇంట్లోకి తడుముకుంటూ వచ్చాడు. పొగమంచు ఇంకా కదల్లేదు. పొమ్మనే మాటకు పలుకు ఇంకా దొరకలేదు మరి. అత్త ఓక్ చెట్టు గింజల జావ చేతికందిస్తే పట్టుకుని కూర్చున్నాడు.

"అక్కా, ఆ శబ్దం ఎక్కణ్నుంచి వస్తుంది?"

ఒడీలియా తమ్ముడి చెయ్యి వెతికి, తన గొంతు మీద పెట్టుకుంది.