వెల్లుల్లి ఎరగని ఇల్లు

"వెల్లుల్లి మా గడప దాటి లోపలికి రాలేదండీ. మురమళ్ళ వీరేశ్వరస్వామి మీద ఒట్టు."

అమలాపురంలో డాక్టర్ శ్రీలలితగారి ఎదుట నేనే అన్నాను ఆ మాట. మావారికి హెర్నియా ఆపరేషన్. రక్తాన్ని పలచన చేసేవేమైనా వాడుతున్నారా, వెల్లుల్లి ఎక్కువ తింటారా అని ఆవిడ ఆయన్నే అడిగింది. జవాబు నేను చెప్పాను. వంటింటి సంగతి మగవాళ్ళకేం తెలుస్తుంది? ఆయన కండువా సర్దుకున్నారు. వేదం చెప్పే గౌరీశంకరంగారి భార్యనని నాకు కాస్త గర్వం కూడాను.

ఆపరేషనయిన సాయంత్రం కట్టు తడిసింది. మార్చారు, మళ్ళీ తడిసింది. లోపలికి తీసుకెళ్ళి కుట్లు విప్పి మళ్ళీ వేశారు. బయట బెంచీ మీద కూర్చుని నేను మొక్కని దేవుడు లేడు. గండం గడిచాక డాక్టరమ్మ గట్టిగానే అడిగింది.

"నిజం చెప్పండి గురువుగారూ. ఏం తీసుకుంటున్నారు?"

ఆయన నావైపు చూడలేదు. "పచ్చి వెల్లుల్లండీ. నలిపి, తేనెతో. నాతో వాకింగుకొచ్చే బెంజమిన్ మాస్టారింట్లో. రక్తనాళాలు విచ్చుకుంటాయి, గుండెకి మంచిదన్నారండీ. నాలుగేళ్ళయ్యింది."

"రోజూనా?"

"ఆయ్."

"అందులో ఉన్న పదార్థం రక్తాన్ని గడ్డకట్టనివ్వదండీ. అందుకే కదా ముందే అడిగేను! గాయం మానేదాకా ముట్టుకోకండి."

పొద్దున్నే వాకింగుకి వెళ్ళేముందు ఆయన జేబులో ఏలకులు పోసేది నేనే. గొంతుకి మంచిదన్నారు, నమ్మాను. వెల్లుల్లి వాసన కప్పడానికనుకోలేదు. వెర్రిమొహాన్ని!

తిన్నందుకు కాదు నా మంట. బతకాలని ఎవరికుండదు? మా పుట్టింట్లో వెల్లుల్లి తింటారు. పెళ్ళయ్యాక నాచేత మాన్పించింది ఈయనే. రెండేళ్ళ క్రితం మా అమ్మ పలివెలలో చెల్లెలు ఉమామహేశ్వరి దగ్గర మంచం పట్టింది. "అక్కడ మెతుకు ముట్టేవా, నా వంటింట్లో అడుగుపెట్టకు" అని చెప్పి మరీ పంపారు. అమ్మ తన చేత్తోనే వెల్లుల్లి కారం కలిపి ముద్ద నా నోటిదాకా తెచ్చింది. అరటిపండు తిన్నానమ్మా, ఆకలి లేదని మొహం తిప్పుకున్నాను. ఆ ముద్ద కంచంలో పెట్టేసింది. ఆ వారమే పోయింది.

అప్పటికే రెండేళ్ళుగా ఈయన తింటున్నారు. నేను పస్తుండి తిరిగొచ్చిన రోజున కూడా తిని, నేనిచ్చిన ఏలకులు నములుతూ ఎదురొచ్చారు. నా ఆచారాన్ని పదిమందిలో మెచ్చుకున్నారు కూడా.

మర్నాడు చెల్లెలు క్యారియర్ తెచ్చింది. "అక్కయ్యా, పై గిన్నె నీది. వెల్లుల్లి వెయ్యలేదు. కింది గిన్నె నాకు."

కింది గిన్నె లాక్కున్నాను. కారం, అన్నం, నెయ్యి. మంచం పక్కనే కూర్చుని కలిపాను. వాసన ఆయనదాకా వెళ్ళింది.

"మీనాక్షీ! ఏంటిది?"

"మీకు పెట్టకూడదుటండీ. డాక్టరుగారు చెప్పేరు కదా."

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అచ్చం అమ్మ చేసే కారమే. ఏడుస్తూనే తిన్నాను. చెల్లెలు ఇంకాస్త వడ్డించింది. రెండేళ్ళ క్రితం కాదన్న ముద్ద అది.