జత విడిన సూది

నేను ఒక సూదిని. బట్టలు కుట్టే సూదిననుకునేరు, కాదు. ఊలుతో స్వెట్టర్లు అల్లే సూదిని. మూరెడు పొడవు, అల్యూమినియం ఒళ్ళు, గుండ్రటి తల, ఒకప్పుడు నీలం రంగు. ఏదో కార్ఖానాలో నన్నూ నా తోడునూ ఒకే తీగ నుంచి కోసి, ఒకే అట్టకు గుచ్చి పంపారు. మమ్మల్ని ఎవరూ విడిగా అమ్మరు. ఒంటి సూదితో ఎవరేం అల్లుతారు? ఇంత చిన్న సంగతి కూడా మనుషులు మరిచిపోగలరని అప్పటికి నాకు తెలియదు.

ఆదిలాబాద్ చలి ఎముకలు కొరుకుతుంది. అక్కడ ఒక ఉమ్మడి ఇంటి పెద్దకోడలు కౌసల్య మమ్మల్ని కొనుక్కుంది. చిన్నకోడలు ప్రమీల వచ్చాక ఆమెకూ అల్లిక నేర్పింది. నేర్పిందంటే సగమే. మొదటి వరస కుట్లు సూదికి ఎక్కించేది మాత్రం ఎప్పుడూ కౌసల్యే. "నేనున్న గద, నువ్వు అల్లు" అనేది. వంటిల్లు సర్దుకున్నాక ఇద్దరూ అరుగు మీద చేరి, మమ్మల్ని చేతులు మార్చుకుంటూ, అత్తగారి మీద చాడీలు చెప్పుకుంటూ ఇంటిల్లిపాదికీ స్వెట్టర్లు అల్లారు. ఆ చాడీలన్నీ నాకు కంఠతా వచ్చు. చెప్పను లెండి.

తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు. పెద్దమనుషులు కూర్చుని మంచాలూ గిన్నెలూ పంచారు. ఇత్తడి గంగాళం దగ్గర యారాళ్ళిద్దరికీ మాటా మాటా పెరిగింది. అప్పుడు కౌసల్య చేతిలో సగం అల్లిన చిన్న స్వెట్టరు ఉంది. కుట్లన్నీ నా తోడు మీద ఉన్నాయి, నేను ఖాళీగా ఉన్నాను. ఆమె నన్ను లాగి ప్రమీల ముందుకు విసిరింది.

"అన్నీ సగం సగమే గదా, ఇది గూడ తీస్కపో!"

ప్రమీల నన్ను అక్కడే వదిలేయవచ్చు. పంతానికి తీసుకుంది.

ఆపైన ఇరవై ఏళ్ళు నేను లంగాలకు నాడాలు ఎక్కించాను. ఇడ్లీ ఉడికిందో లేదో గుచ్చి చూశాను. పొయ్యి బర్నరు కంతల్లో మసి గీకాను. రెండు వీధుల అవతల నా తోడు ఏం చేస్తోందో అని బెంగపడ్డాను. ప్రమీలకు కౌసల్య మీద బెంగ లేదా అంటే, ఉండే ఉంటుంది. కానీ మనుషులు బెంగను కూడా కోపం పేరుతోనే పిలుస్తారు.

మొన్న చలికాలానికి ప్రమీల అంగన్‌వాడీ కొలువు అయిపోయింది. చేతులు ఊరుకోక ఊలు కొంది, కొత్త సూదుల జత కూడా కొంది. నాకు కడుపు మండింది. తీరా కూర్చుంటే మొదటి కుట్టే పడలేదు. ఆమె కోడలు ఫోన్‌లో అల్లిక వీడియో పెట్టింది.

"ఆ చేతులు ఉరుకుతున్నయి బిడ్డా, నాకు అందుతలేవు" అని ప్రమీల ఊలు పక్కన పెట్టేసింది. తర్వాత వంటింట్లోకి వచ్చి, మసి తుడిచి నన్ను సంచిలో వేసుకుంది. ఒకరి గడప తొక్కడానికి మనుషులకు ఒక సాకు కావాలి. ఆ రోజు ఆ సాకును నేనే.

కౌసల్య కళ్ళకు పొర కమ్మింది. "ఎవరూ?" అంది.

"నేనక్కా, ప్రమీలను. నీ సూది ఇద్దామని వచ్చిన."

"ఇన్నేండ్లకు యాదికొచ్చిందా సూది?"

"సూది కాదక్కా. ఎక్కించుడు యాదికొస్తలేదు."

"నీకెప్పుడొచ్చె, యాదికుండనీకి? నేనే గద ఎక్కిస్తుంటి!"

కౌసల్య నవ్వింది. నవ్వుతూనే లేచి గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి, పెట్టెలోంచి ఒక మూట తెచ్చింది. అందులో నా తోడు ఉంది, ఒంటినిండా ఆనాటి కుట్లతోనే. ఆమె ఒక్క కుట్టు కూడా జార్చలేదు. స్వెట్టరును మాత్రం పురుగులు జల్లెడ చేశాయి. ప్రమీల దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, కానీ అల్యూమినియానికి కన్నీళ్ళు రావు.

కౌసల్య ఆ పాత అల్లికను తన చేత్తోనే దూసేసింది. కొత్త ఊలు అందుకుని, చూపుతో పని లేకుండా వేళ్ళతోనే నా తోడు మీద కుట్లు ఎక్కించి ప్రమీలకు ఇచ్చింది. మొదటి కుట్టు నా మీదికి దాటింది. ఇరవై ఏళ్ళ తర్వాత నా తోడు నాకు తగిలి టిక్కుమంది.

పొద్దు వాలాక ప్రమీల లేచింది. "ఎక్కించుడు నేర్పనా? అల్కగనే వస్తది" అంది కౌసల్య.

"వద్దక్కా. అది నీ దగ్గర్నే ఉండనీ" అంటూ ప్రమీల మా ఇద్దరినీ ఆమె ఒళ్ళో పెట్టి చెప్పులు తొడుక్కుంది. "రేపు అన్నం తిని వస్త."