శివన్న వంతు

పది నెలలుగా అయ్యన్న కడుపులో ఒకే మాట ఉడుకుతూ ఉంది. తమ్ముడు శివన్న కర్నూలులో విషజ్వరంతో మూడు దినాలు మంచం మీద పడి ఉంటే, పక్కన ప్రాణస్నేహితులు ఉండి కూడా అన్నకు కబురెందుకు చేయలేదు? ప్రాణం పోయాక ఆఫీసువాళ్ళు కొట్టిన తంతి పత్తికొండ దాటి పల్లె చేరేసరికి నాలుగు దినాలయింది. అయ్యన్న పడుతూ లేస్తూ పోయేసరికి హంద్రి ఒడ్డున పచ్చి ఆరని మన్నుదిబ్బ మిగిలి ఉంది. దాన్ని చూపించింది కూడా ఎవరో కాటికాపరి. తల్లీతండ్రీ పోతే ఐదేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకొని పెంచిన మనిషికి చివరిచూపు కూడా లేకుండా చేశారంటే వాళ్ళను ఏమనాలో మీరే చెప్పండి.

ఆ స్నేహితులే ఈ ఆదివారం ఇంటికి వస్తున్నారు. వాళ్ళకొక కట్టుబాటు ఉంది. కర్నూలు కాలేజీ హాస్టల్లో నలుగురూ నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నారు. ఒకడి చొక్కా ఇంకొకడు తొడుక్కునేవాడు, ఒకడు అలిగి పస్తుంటే మిగతా ముగ్గురికీ పస్తే. పందొమ్మిది వందల యాభై మూడులో బి.ఏ. ముగించి విడిపోయేనాడు ఏడ్చుకుంటూ ఒట్టు పెట్టుకున్నారు. ఏటా ఎండాకాలంలో ఒక ఆదివారం, వంతులవారీగా ఒక్కొక్కరి ఊళ్ళో కలవాలి, ఆ ఇంటి కూడు తినాలి. మొదటి ఏడు కంబన్న ఊరు ఎమ్మిగనూరు. రెండో ఏడు నరసింహ ఊరు ఎర్రగుంట్ల. మూడో ఏడు బనగానపల్లెలో మద్దిలేటి వాళ్ళ మామిడితోట. నాలుగో వంతు శివన్నది. మనిషి పోయినంత మాత్రాన వంతు పోతుందా అనుకున్నారు ఆ ముగ్గురు. "శివన్న అన్నగారికి" అంటూ కంబన్న ఉత్తరం రాస్తే, అయ్యన్న దాన్ని బడి అయ్యవారి చేత చదివించుకొని, తప్పకుండా రమ్మని జవాబు రాయించాడు.

అడిగేది అడుగు గానీ ముందు అన్నం పెట్టి అడుగు అంది భార్య సోమక్క. ఆమె తెల్లవారకముందే లేచి పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది, గుత్తివంకాయ వండింది, ఇంట్లో దాచిన బియ్యం తీసి వరన్నం వార్చింది. పెట్టెలోని పెళ్ళి చీర తీసి కట్టుకుంది. అయ్యన్నను కూడా ఉతికిన పంచె కట్టుకొమ్మని పోరింది. ఆయన ఎద్దులకు నీళ్ళు పెట్టి వస్తానని దొడ్లోకి పోయాడు. ఆ పోవడమే కొంప ముంచింది.

బస్సు ముందుగానే వచ్చింది. ముగ్గురూ గడపలో నిలబడి, అన్నగారు ఎక్కడమ్మా అని సోమక్కను అడిగారు. మా పల్లెల్లో ఆడది మొగుని పేరు నోటితో పలుకుతుందా? ఆయనే నా మొగుడని చెప్పాలన్నా సిగ్గు. ఆమె కొంగు నిండుగా కప్పుకొని, దొడ్డి వైపు గడ్డం చూపి ఊరుకుంది. ముగ్గురూ దొడ్లోకి వచ్చారు. అక్కడ మోకాళ్ళ దాకా పేడ, మొలకు గోచి, నెత్తిన గడ్డిమోపుతో ఒక మనిషి కనబడ్డాడు.

కంబన్న ఆనవాలు పట్టి నవ్వాడు. మనసు మంచిది, అందరికంటే ముందు పలకరించేది అతనే.

"ఏమప్పా, నువ్వు శివన్న వాళ్ళ జీతగానివి గదా? ఆ యేడు హాస్టలు కాడికి రొట్టెలు తెస్తివి. వాళ్ళన్న యాడ?"

అయ్యన్న నెత్తిమీద మోపు అట్లాగే ఉండిపోయింది. ఆ దినం కళ్ళముందుకొచ్చింది. సద్దరొట్టెలూ వేరుశనగ బుడ్డల పొడీ మూట కట్టుకొని, చెప్పులు లేని కాళ్ళతో హాస్టలు గేటు ముందు నిలబడ్డాడు. శివన్న ఉరుకులాడుతూ వచ్చి మూట అందుకున్నాడు, మళ్ళీ బస్సు లేదు పో పో అని తొందరపెట్టాడు. లోపల నుంచి ఎవరో "ఎవర్రా అది?" అని అరిస్తే, శివన్న తిరిగి చూసి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో ఆనాడు అయ్యన్నకు వినబడలేదు. ఈనాడు తెలిసింది, ఇంటి పాలేరని చెప్పాడు. ఇల్లంతా ఊడ్చి చదివించిన పిల్లవాడు, మెడలో పలుపేసినట్టు ఒక మాట వేసి పోయాడు.

నేనేరా వాని అన్నను అనడానికి నోరు తెరిచాడు. కానీ కంబన్న చేతిలో, చుట్టిన కాగితం జారిపోయిన పటం ఒకటి ఉంది. నలుగురూ భుజాల మీద చేతులేసుకొని దిగిన పటం. అందులో తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకొని, దొరబిడ్డలా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూశాక అయ్యన్న మాట మార్చుకున్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఊరికే అన్నారా!

"ఆయప్ప ఊర్లో లేడు సామీ," అన్నాడు. "కడపలో పని బడి పోయినాడు."

కడప పేరు ఎందుకు నోటికొచ్చిందో ఆయనకే తెలియదు. దూరం ఊరు కదా అని అనేశాడు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడూ కడపేనా అని నరసింహ పళ్ళు కొరికాడు. నీ పేరేమప్పా అని మద్దిలేటి అడిగితే, మారెన్న అని చెప్పాడు అయ్యన్న. గంటెతోనే అన్నానికి పిలవడానికి వచ్చిన సోమక్క ఆ మాట విని గంటె జారవిడిచింది. అయ్యన్న చూసిన చూపుకు నోరు మూసుకొని లోపలికి పోయింది.

విస్తళ్ళు నాలుగు వేయమన్నారు. నాలుగోదాని ముందు పటం పెట్టారు. కాళ్ళూ చేతులూ కడుక్కొని అయ్యన్నే వంగి వడ్డించాడు, తమ్ముని విస్తరిలో ఓళిగ మీద నెయ్యి కూడా వేశాడు. వాళ్ళు తింటూ తింటూ శివన్న ముచ్చట్లే చెప్పుకున్నారు. వాడు అన్న ఊసు ఎత్తేవాడే కాదట. జీతగాని సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పేవాడట. భుజాన ఎక్కించుకొని వాగు దాటించి బడికి మోశాడని, తాను అంబలి తాగి వానికి అన్నం పెట్టాడని, ఆ మనిషి రుణం ఏడు జన్మలకూ తీరదని చెబుతూ, ఒక్కొక్కసారి గోడవైపు తిరిగి పడుకునేవాడట.

అయ్యన్న నెయ్యి గిన్నె కింద పెట్టాడు. అంత ప్రేమ ఉంది వానికి, దానికి అన్న అనే ఒక్క పేరే పెట్టుకోలేకపోయాడు. అయినా దాచుకున్న మాట ఇంకా దాచుకోవడం ఆయనకు చేతకాలేదు. జీతగానిగానే అడిగాడు.

"సామీ, ఒగ మాట. జ్వరమొచ్చినప్పుడు ఈడికి ఏంటికి కబురు చేయకపోతిరి?"

అప్పట్లో కర్నూలు రాజధాని, శివన్న గుడారంలో నడిచే ఒక ఆఫీసులో గుమాస్తా, కంబన్న అక్కడే ఒక బడిలో పంతులు, ఇద్దరిదీ ఒకే గది. అందుకని కంబన్నే జవాబు చెప్పాడు.

"మూడు దినాలప్పా. కండ్లు తెరవలేదు. 'అన్నా, అన్నా' అని ఒగటే కలవరింత. వాళ్ళన్న కడపలో పెద్ద ప్లీడరని వాడెప్పుడో చెప్పిండె. కడపకే తంతి కొడితిమి. ఒగటి గాదు, రెండు. ప్లీడరు అయ్యన్నగారు, కడప అని. ఆ మనిషి రాలేదు. జవాబు గూడా లేదు. అందుకే మొన్న ఉత్తరం ఈ ఊరికే రాస్తిమి."

జబ్బని తెలిసి కర్నూలు వచ్చిన తానే పల్లెకు కూడా కొడదామని అన్నానని, అక్కడ జీతగాడు తప్ప ఎవరూ ఉండరని తెలిసి మానుకున్నామని మద్దిలేటి అన్నాడు. ఆ ప్లీడరును తానుండే కడప జిల్లాలో ఎప్పుడైనా చూస్తే మొహాన ఉమ్మేస్తానని నరసింహ విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. అయ్యన్న గుంజకు ఆనుకొని నిలబడ్డాడు. లేని ప్లీడరు కోసం రెండు తంతులు కడప ఊరంతా తిరిగి ఉంటాయి. ఉన్న అన్నకు ఒక్కటీ రాలేదు. ఈ పిల్లల తప్పేముంది? తమ్ముడు ఆడిన ఒక్క అబద్ధం వాని ఊపిరి ఉన్నన్నాళ్ళూ ఉండి, చివరికి వానికే అడ్డం పడింది.

బస్సు వేళకు ముగ్గురూ బయలుదేరారు. పటం ఇంట్లో పెట్టమని ఇచ్చి, కంబన్న అయ్యన్న భుజం మీద చేయి వేశాడు.

"ఆయప్ప వస్తే చెప్పు మారెన్నా. సచ్చేదాకా అన్ననే పిల్సినాడని చెప్పు. తెలియాల ఆయప్పకు."

"చెప్తా సామీ," అన్నాడు అయ్యన్న, రెండు చేతులూ జోడించి.

బస్సు దుమ్ము సద్దుమణిగేదాకా సోమక్క ఆగింది. ఆ తర్వాత ఆగలేదు. ఇంటి యజమానివి, సొంత ఇంట్లో జీతగానివై వాళ్ళకు విస్తళ్ళెత్తుతావా, ఇంత అవమానం ఎందుకు మింగావు, నేనే వాని అన్ననని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదని ఏడుస్తూ నిలేసింది.

"చెప్తే తంతి ఏంటికి అందలేదో వాళ్ళకు తెలుస్తాది," అన్నాడు అయ్యన్న. "వాళ్ళ కండ్లల్లో వాడు పల్చనైపోడా సోమీ? వాళ్ళంటే వానికి పానం."

అని అరుగు మీద కూలబడ్డాడు. పటం ఒళ్ళో పెట్టుకున్నాడు. పది నెలలుగా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది, ముసలి ఎద్దు రొప్పినట్టు వచ్చింది.

"మూడు దినాలు పిల్సినాడంట నన్ను," అన్నాడు. "వాడు ఆడ అన్నా, అన్నా అంటాంటే, నేను ఈడ బుడ్డల చేన్లో గుంటక తోల్తాంటి. పాటలు గూడా పాడుకుంటాంటి సోమీ."