అవతలి ఒడ్డు పుంజులు

డెల్ఫీనాకి నిద్ర కావాలి. ఇంకేమీ అక్కర్లేదు. దేవుడు ప్రత్యక్షమై వరం కోరుకోమంటే, "పొద్దెక్కేదాకా పడుకోనివ్వు ప్రభువా, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం" అనే స్థితిలో ఉంది.

పెళ్ళై కురుయేన్యో ఏటి ఒడ్డుకి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె పుంజుల్ని పెంచుతోంది. కూరకి కాదు, ఈకలకి. ఈ లోయలో పెరిగిన పుంజు వీపు మీది ఈకకి ఒక మెరుపుంటుంది. ఆ ఈకని గాలపు ముల్లుకి కట్టి నీళ్ళ మీద వేస్తే, ట్రౌట్ చేప దాన్ని ఏటి పురుగే అనుకుని నోరు తెరుస్తుంది. అదే పుంజుని కింద మైదానానికి తీసుకుపోతే కొన్నాళ్ళకే ఈక కళ తప్పి చీపురుపుల్లలా తయారవుతుంది. నీళ్ళ మహిమ అంటారు కొందరు, రాళ్ళ మహిమ అంటారు కొందరు. డెల్ఫీనా మొగుడు బతికున్నన్నాళ్ళూ తన చేతి మహిమ అనేవాడు.

ఏడాదిలో కొన్నిసార్లు, వెన్నెల తరిగే రోజుల్లో, బతికున్న పుంజుని ఒళ్ళో పెట్టుకుని ఈకలు పీకాలి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు పీకాలి. మొగుడు పోయాక పట్టుకునేదీ ఆమే, పీకేదీ ఆమే. ముంజేతుల నిండా గోళ్ళ గీతలే. ఎవరు పోయినా ఎవరున్నా పుంజులకి మాత్రం పట్టదు, చీకటితోనే లేచి గొంతు చించుకుంటాయి.

మానేద్దామని ఆమె ఎప్పుడో అనుకుంది. అడ్డం ఒక్కటే, ఏటి అవతల ఉండే ఒలేగారియో ముసలాయన.

ఊళ్ళో పుంజులు మిగిలిన ఇళ్ళు ఈ రెండే. ఒకింటి కోళ్ళని వాటిలో వాటికే జత కలుపుతూ పోతే జాతి చెడిపోతుంది. అందుకని పెద్దల కాలం నుంచీ ఈ ఇంటి పుంజు ఆ ఇంటికీ, ఆ ఇంటి పుంజు ఈ ఇంటికీ మారుతూ వచ్చాయి. ఈమె మానేస్తే ఆయనవీ చెడినట్టే. ఎనభై దాటిన మనిషి, పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. మంచు మోకాళ్ళ లోతు పడ్డ రోజు కూడా, డెల్ఫీనా పుంజు కూయగానే అవతలి ఒడ్డు నుంచి బదులు వినిపించేది. అంత ముసలాయన లేచి మేపుకుంటుంటే నాకేం రోగం అని తనని తానే తిట్టుకుంటూ ఆమె పార అందుకుని, గూటిదాకా మంచు తవ్వుకుంటూ పోయేది. రొట్టెల బండి దగ్గర కనిపించినప్పుడు, "పుంజులెలా ఉన్నాయి బాబాయ్?" అని అడిగితే, "దివ్యంగా ఉన్నాయి" అని రొట్టె చంకన పెట్టుకుని చకచకా వెళ్ళిపోయేవాడు.

మార్చిలో ఒక పొద్దున నీళ్ళ బకెట్ ఎత్తబోతే నడుం పట్టేసింది. గూట్లోనే, రెట్టల మధ్య, చతికిలబడి కాసేపు ఏడ్చింది. మెల్లగా లేచి, చేతులైనా కడుక్కోకుండా వంతెన దాటింది. ఈ రోజు చెప్పేయాలి.

ఒలేగారియో గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"కాళ్ళు విరగ్గొట్టుకోడానికి నా ఇల్లే దొరికిందా అమ్మాయ్? వంతెన మీద మంచు కరగనే లేదు."

"విరిగినా బాగుండు బాబాయ్. మంచమెక్కి పడుకునేదాన్ని."

"అయితే వెళ్ళేటప్పుడు చూసుకుందువుగాని. రా, సూప్ తాగు."

వెల్లుల్లీ రొట్టెముక్కలూ వేసి కాచిన సూప్. డెల్ఫీనా గిన్నె ఖాళీ చేసింది గాని మాట పెగల్లేదు. పుంజుల ఎదుటైతే నయమేమో అనిపించింది.

"నీతో ఒక మాట చెప్పాలి. ముందు నీ పుంజుల్ని చూపించు."

"అవి పడుకున్నాయి."

"పట్టపగలా?"

"చలి కదే."

ఆమె నిన్న మొన్న కోళ్ళని చూసిన మనిషి కాదు. లేచి పెరట్లోకి నడిచింది. ఆయన కర్ర టకటకలాడిస్తూ వెనకే వచ్చాడు. గూడు నిండా కట్టెలు పేర్చి ఉన్నాయి.

"ఏవీ?"

"తినేశాను."

"అన్నీనా?"

"ఒక్కరోజులో కాదులే." ముసలాయన నేల చూపులు చూశాడు. "క్రిస్మస్ ముందు మోకాళ్ళు మొరాయించాయి. నీళ్ళు మొయ్యలేక ఒకదాన్ని కుండలో పెట్టాను. పొద్దుటినించి సాయంత్రందాకా ఉడికించినా పళ్ళకి లొంగలేదు, వెధవది. అయినా మర్నాడు ఒక నోరు తగ్గింది కదా, ప్రాణానికి హాయనిపించింది. ఇంక ఆగలేదు."

"మరి రోజూ కూసేవెవరివి? నా చెవులతో విన్నానే."

ఆయన కర్రెత్తి ఇంటి వెనక నిటారుగా లేచిన కొండరాతిని చూపించాడు.

"నీవే. వాటి కూతలే ఆ రాయికి తగిలి తిరిగొస్తాయి. నీ పుంజులు నన్నూ పడుకోనివ్వడం లేదు."

"దివ్యంగా ఉన్నాయన్నావు కదయ్యా!"

"ఏం చెప్పమంటావు? నువ్వొక్కదానివే నానా చావూ చస్తూ నిలబెడుతున్నావు. నేను వండుకుతిన్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

డెల్ఫీనా కట్టెలు కొట్టే మొద్దు మీద కూలబడింది. తిడదామని నోరు తెరిచింది.

"ఈ చలికాలమంతా నేను పడుకునేదాన్ని కదా బాబాయ్" అంది.

ఆయన గూట్లోంచి జారిన కట్టెనొకదాన్ని కర్రతో లోపలికి తోశాడు.

"అయితే ఇప్పుడు మిగిలినవి నీవేనన్నమాట. వసంతంలో ఒక కోడిపిల్లనిస్తే నేను మళ్ళీ..."

"బాబాయ్."

"సరే సరే."

"ఈసారి ఈకలు పీకడం అయ్యాక మానేస్తున్నాను. ఎవరేమన్నా సరే."

"ఎవరంటారే? ఉన్నది నేనొక్కణ్ణే. పట్టుకోడానికి వస్తాలే, చేతులింకా బాగానే ఉన్నాయి."

మానేస్తున్నానని చెప్పాక గుండె తేలికపడుతుందని ఆమె ఎన్నాళ్ళుగానో ఎదురుచూసింది. పడలేదు. నిన్నటిదాకా మానకపోవడానికి ఈయనే సాకుగా ఉండేవాడు. ఇప్పుడు ఈ లోయలో ఆ జాతి ఆగిపోతే, ఆపింది తన చెయ్యే. బాధపడదామన్నా ఓపిక లేదు.

లోపల పొయ్యి పక్కన చెక్కబల్ల మీద కూర్చోమన్నాడు ఆయన. కూర్చున్న మనిషి ఎప్పుడు ఒరిగిందో ఆమెకే తెలియదు.

మెలకువ వచ్చేసరికి కొండ నీడ ఇంటి మీద పడింది. ఒంటి మీద దుప్పటి ఉంది. ముసలాయన లేడు. మూలనుండే కర్ర కూడా లేదు. తల తిప్పి కిటికీలోంచి చూస్తే, ఏటికి అవతల, డెల్ఫీనా పెరట్లో ఉన్నాడు ఆయన. ఒక చేత కర్ర, ఒక చేత నీళ్ళ బకెట్. పుంజుల్ని ఒక్కొక్కదాన్నే గూట్లోకి తోలుతున్నాడు. ఒకటి లోపలికి పోనంటూ గూటి చుట్టూ తిరుగుతోంది. దాని వెనక రెండడుగులు వేస్తాడు, ఆగి బకెట్ దించి మోకాలు పట్టుకుంటాడు, మళ్ళీ వేస్తాడు. బూతులు తిడుతూనే ఉంటాడు, ఏటి హోరులో ఒక్కటీ వినపడదు.

అయ్యో, ఆ మోకాళ్ళతో వంతెన ఎలా దాటాడో అనుకుంది డెల్ఫీనా. లేచి వెళ్ళాలి. బల్ల కింద బూట్లు ఎక్కడున్నాయో చేత్తో తడిమి చూసింది కూడా. అవి దొరికాయి. వాటినలాగే వదిలేసి, దుప్పటి గొంతుదాకా లాక్కుని కళ్ళు మూసుకుంది.