నందకిశోర్ డీజే, స్ఫూర్తి నిద్ర

మా ఆయన నందకిశోర్‌కు రెండు పనులు. పగలు అఫ్జల్‌గంజ్‌లో రేడియోలు, స్పీకర్లు బాగుచేసే కొట్టు. ఎక్కడైనా పెళ్లీ పేరంటం ఉంటే సాయంత్రం డీజే. మొదటిది ఇల్లు నడుపుతుంది, రెండోది ఇల్లు అదరగొడుతుంది. లాల్‌దర్వాజాలో మాది రెండు గదుల ఇల్లు. ఒక గదినిండా ఆయన కంప్యూటరూ, స్పీకర్ పెట్టెలూ. మిగిలిన గదిలో నేనూ, మా పాప స్ఫూర్తీ, మా మామగారు రఘునాథ్‌గారూ సర్దుకోవాలి. ఈ సంగతి నేను రోజూ గుర్తుచేస్తాను, ఆయన రోజూ మరిచిపోతారు.

మామగారు నలభై ఏళ్లుగా గుళ్లో భజనలు పాడుతున్న మనిషి. కొడుకు పాట మొదలుపెట్టగానే చెవుల్లో దూది పెట్టుకునేవారు.

"గిదేం పాటరా? మాట లేదు, రాగం లేదు. ధన్ ధన్ అని ఒక్కటే లొల్లి. పదేండ్లు పోతే దీన్ని ఎవడన్న యాది చేస్తడా?"

"చేస్తరు బాపు. మా డాడీల జమానాల ఏం పాటలుండెరా అని మన స్ఫూర్తి తరమోళ్లే చెప్పుకుంటరు. నువ్వే చూస్తవు."

"చూస్త తియ్!"

నవ్వుతూనే అన్నా, మా ఆయనకు ఆ మాటలు గుచ్చుకునేవి. తండ్రి నోట ఒక్కసారి 'బాగుంది' అనే మాట వినాలని ఆయనకు చచ్చేంత ఆశ. అది జరిగే పని కాదు కనుక, తండ్రి ఎదుటే కూతురి చేత అనిపించాలని పంతం పట్టారు.

రెండువేల ఐదు బోనాల ఊరేగింపుకు మా బస్తీవాళ్లు డీజే పని ఆయనకే అప్పగించారు. నెలంతా కూర్చుని కొత్త పాట తయారుచేశారు. ఏడేళ్ల కూతురికి పట్టులంగా కొన్నారు. "డీజే బండి ముంగట అందరికన్న ముందు నువ్వే ఎగరాలె బిడ్డా" అని దాని వెంటపడి చెప్పారు. మామగారిని బతిమాలి తీసుకొచ్చి, బండికి ఎదురుగా అరుగు మీద కూర్చోబెట్టారు.

పాట మొదలైంది. గల్లీ మొత్తం ఊగిపోయింది. ఎందుకు దాచాలి, నాకే కాళ్లు ఆగలేదు. మా ఆయన బండి మీది నుంచి కూతురి కోసం వెతికారు. స్ఫూర్తి తాత ఒళ్లో నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది.

కుర్రాళ్లు చూసి పగలబడి నవ్వారు. మా ఆయన ముఖం మాడిపోయింది. పాట ఆపేశారు. ఆపగానే పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకుంది.

"ఎందుకు బంద్ చేసినవ్ డాడీ? నాకు నిద్రొస్తుంది!"

మళ్లీ పెట్టారు. మళ్లీ పడుకుంది.

ఇంటికొచ్చాక ఆయన అన్నం ముట్టలేదు. కూతురిని దగ్గరికి పిలిచారు.

"నా పాట గంత బోర్ కొట్టిందా బిడ్డా?"

"బోర్ గాదు డాడీ. ఎగిరే పాటలు వేరే ఉన్నయ్, మా స్కూల్ల పెడ్తరు. ఇది నిద్రపాట గద! పాట కొత్తదైనా, నా చిన్నప్పటిసంది నువ్వు పక్క రూంల గిదే ధన్ ధన్ పెడ్తవు. అది ఇనొస్తుంటే నువ్వు ఇంట్ల ఉన్నవని తెలుస్తది. నాకు భయమనిపియ్యదు. రేపు నాకు పాప పుడితే గూడ గదే పెడ్త."

నాకు కళ్లు చెమర్చాయి. మామగారు ఇక ఎగతాళి అందుకుంటారనుకుని అటు చూశాను. ఎంత లేదన్నా, పాప ఎగరలేదు కనుక వాదంలో ఆయనే గెలిచినట్టు కదా.

మామగారు గొంతు తగ్గించి అన్నారు. "నలభై ఏండ్లసంది పాడుతున్న కిశోర్. నా పాట ఇనుకుంట నువ్వు ఒక్కనాడన్న పండుకున్నవారా? నేను నోరు తెరిస్తె చాలు, బయటికి ఉరికెటోనివి."

మా ఆయన వచ్చి తండ్రి పక్కన చాప మీద, పిల్లాడిలా ముడుచుకుని పడుకున్నారు.

"ఒకటి పాడు బాపు," అన్నారు.