రెండోసారి చెప్పని మాట

బందరు రేవులో కోదండరామయ్య నలభై ఏళ్ళుగా బోటు నడిపే సరంగు. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటేటప్పుడు ఆయనకు ఎదురు చెప్పినవాడు లేడు. కూతురు దివ్యశ్రీ విమానంలో కో-పైలట్. మొన్న వానలో దిగుతూ ఆ విమానం రన్‌వే దాటిపోయింది. కెప్టెన్‌తో పాటు పదకొండుమంది పోయారు.

ఆసుపత్రి మంచం మీద ఆమె నెమ్మదిగా చెప్పింది. "మళ్ళీ పైకి లేపుదామండీ అన్నాను నాన్నా. 'పాతికేళ్ళుగా దించుతున్నానమ్మా' అన్నారు కెప్టెన్."

"రెండోసారి చెప్పాల్సింది కదమ్మా!"

"సరంగుకి ఒక్కసారి చెప్పాక నోరు మూసుకోవాలని నేర్పింది నువ్వేగా?"

నెల తర్వాత మొగ దగ్గర ఆయన బోటు నెమ్మది చేసి, "వరదకి ఇసుక ఎటు మేట వేసిందిరా?" అని తన మనుషుల్ని అడిగాడు.

"మీకు తెలియనిదా బాబాయ్!" అని నవ్వారు.

ఆయన గంగమ్మకు దణ్ణం పెట్టుకుని, రెండోసారి అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు.